తిప్పని మనిషికి టిక్కు పెట్టం

తాపీమేస్త్రి వీపు మీది పుండును ఆ ఉదయం నేను కొలిచాను. నా అరచేయంత ఉంది. అడుగున ఎముక కనబడుతోంది. మంచం కాళ్ల దగ్గర వేలాడే కాగితంలో మాత్రం రెండు గంటలకొకటి చొప్పున గడులన్నీ నిండి ఉన్నాయి. గడి గడికీ ఒక టిక్కు. వేళ తప్పకుండా ఇతన్ని పక్క మార్చారని దాని అర్థం. అప్పటికి ఉదయం తొమ్మిదే. సాయంత్రం ఆరు గంటల గడి కూడా నిండిపోయింది!

పరంజా మీద నుంచి పడి నడుము విరిగిన మనిషి. తనంతట తాను ఒత్తిగిలలేడు.

"ఇటుకనైనా రెండు పక్కలా ఎండబెడతామమ్మా. నన్ను ఒక్క పక్కే ఎండబెడుతున్నారు," అని నవ్వాడు.

భార్య నవ్వలేదు. "నా ఒక్కదాని వల్ల కావట్లేదు తల్లీ. ముగ్గురు పట్టాలి," అంది.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదట. ఆ ఆసుపత్రిలో పరిశోధన ఒకటి జరుగుతోంది. కదలలేని రోగుల్ని రెండు గంటలకోసారి పక్క మారిస్తే పుండ్లు తగ్గుతాయా అన్నది ప్రశ్న. వివరాలు రాసే పని నాది. మొదటి మూడు నెలలు పూటకు ఆరుగురు ఆయాల్ని ఇచ్చారు. పుండ్లు సగానికి సగం తగ్గాయి. తర్వాత ఆయాల్ని పంపే కాంట్రాక్టరు నలుగుర్ని తీసేశాడు. నలభై మంచాలకు ఇద్దరు మిగిలారు. అయినా గడులు నిండుతూనే వచ్చాయి. 'ఇద్దరితోనూ పని సక్రమంగా జరుగుతోంది' అని పట్టిక తయారుచేసింది నేనే.

కాగితం పట్టుకుని, వార్డులో అందరికన్నా పాత ఆయా పెద్దక్క దగ్గరికి వెళ్లాను.

"ఏమిటక్కా ఇది?"

"సూపర్‌వైజరు నెత్తిన నిలబడి పెట్టిస్తాడు. గడి ఖాళీగా ఉంటే రేపట్నుంచి రావద్దంటాడు. మనుషుల్నివ్వండయ్యా అంటే నీ పట్టిక తెచ్చి మొహాన కొడతాడు, పరిశోధనమ్మా! అది చూపించే అన్ని వార్డుల్లోనూ తీసేశారు."

షిఫ్టు మారే వేళ ఆయాలందరూ దుప్పట్ల గదిలో మూటల మీద కూర్చున్నారు. పట్టిక తప్పని ఒప్పుకున్నాను.

"ఒక్క రోజు మాతో నిలబడి చూసుంటే తెలిసేది కదే! చదువుకున్నదానివి!" అని ఒకామె విరుచుకుపడింది.

"టిక్కు పెట్టకపోతే మన పిల్లలు పస్తుంటారు," అంది ఇంకొకామె.

"పెట్టి ఏం బాగుపడ్డామే?" పెద్దక్క లేచింది. "ఇద్దరు చాలని రోజూ మన చేత్తో మనమే రాసిస్తున్నాం. ఇంక తిప్పితేనే టిక్కు. తిప్పని మనిషికి పెట్టం."

వాదులాట చాలాసేపు సాగింది. చివరికి అందరూ సరేనన్నారు. ఒకామె ఏడుస్తూనే సరేనంది.

మర్నాడు ఒక్కో కాగితంలో పన్నెండు గడులకు మూడో నాలుగో నిండాయి. సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు.

"బళ్లో పరీక్షా ఇది, తెలిసినవే రాసి వదిలేయడానికి?"

"అవునయ్యా. తెలియనివి రాయడం మానేశాం," అంది పెద్దక్క. వార్డంతా గొల్లున నవ్వింది. మేస్త్రి కూడా నవ్వాడు. ఆ రోజే అతనికి జ్వరం మొదలైంది. పుండులోని విషం రక్తంలోకి ఎక్కిందన్నారు.

మూడో రోజు మధ్యాహ్నానికి ప్రాణం పోయింది.

శవాన్ని ఇంకా కదల్చనే లేదు, పోలీసులొచ్చారు. మేస్త్రి కోసం కాదు, పెద్దక్క కోసం. అశ్రద్ధ వల్ల మనిషి చావుకు కారణమైందని కాంట్రాక్టరు ఫిర్యాదట. సాక్ష్యం? ఖాళీ గడులు!

"తిప్పలేదని నువ్వే ఒప్పుకున్నావుగా," అన్నాడు ఇనస్పెక్టరు.

భర్త కాళ్ల దగ్గర కూర్చున్న మేస్త్రి భార్య దిగ్గున లేచింది. "ఆవిడ కాదయ్యా చంపింది! ఇద్దరే నలభై మందిని ఎలా తిప్పుతారు? మీరంతా వచ్చి ఒక్క పూట తిప్పండి చూద్దాం!"

రోగుల తాలూకు జనం గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. పోలీసులు లాఠీలతో నెట్టి దారి చేసుకున్నారు. మెట్ల మీద నుంచి పెద్దక్క వెనక్కి తిరిగి అరిచింది: "కిటికీ పక్క ముసలాయన్ని తిప్పే వేళైందే! చూడండి!"

ముసలాయన భుజాలు నేను పట్టాను. ఇంకో ఆయా కాళ్లు పట్టింది. నడుము పట్టేవాళ్లు లేరు. మేస్త్రి భార్య కళ్లు తుడుచుకుని వచ్చింది. "నెమ్మది," అంది మాతో.

సాయంత్రానికి ఏడు వార్డుల నుంచీ కాగితాలు నా బల్ల మీదికి వచ్చాయి. ఎవరూ కబురు పెట్టలేదు. అన్నిటా ఖాళీలే. ప్రతి కాగితం అడుగునా ఆయాల సంతకాలు, చదువు రానివాళ్ల వేలిముద్రలు. కొత్త పట్టిక రాశాను. ఈసారి ఉన్నది ఉన్నట్టు రాశాను. అది పట్టుకుని అందరం పోలీసు స్టేషనుకు నడిచాం.

"ఏమిటీ గుంపు?" గుమ్మంలో కానిస్టేబులు కసిరాడు.

"ఖాళీగా వదిలినవాళ్లం. ఒప్పుకోవడానికి వచ్చాం," అంది ముందున్న ఆయా. "నలభై ఒక్కమందిమి. రాసుకోండి."