అభ్యంతరాలుంటే తెలుపగలరు

అయినా ఈ సమోసాలు ఎవరు చెప్పినట్టు, ఒక మనిషి చావు గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్నవాళ్ల గొంతులో సమోసాలు ఎట్లా దిగుతాయి, కాదు, చావు గురించి కాదు, పొరపాటు తనదే, వీళ్లు కూడింది తుపాకుల గురించి, చావు గురించైతే ఇంతమంది వచ్చేవాళ్లు కాదు, రమీజ్ పక్క దుకాణంలో కుర్చీలు అడిగి తేవలసి వచ్చేదీ కాదు, అనుకుంటూ రేణుక పరదా అంచును వేలితో కొంచెం జరిపి మళ్లీ వదిలేసింది, పనికొచ్చిన ఈ అరబ్బు దేశంలో, ముసఫ్ఫాలో, రమీజ్ హోటలంటే మన వాళ్లకు ఆదివారం పూట ఇల్లు లాంటిది, అందులో ఆడవాళ్లతో వచ్చినవాళ్ల కోసం చెక్కతో కట్టిన ఇరుకు గది ఇది, పరదా వేస్తే లోపల ఎవరున్నదీ బయటికి కనబడదు, బయటి మాట మాత్రం ఒక్కటీ వినబడకుండా పోదు, ఇంతమంది మగోళ్ల నడుమ నువ్వెందుకు, లోపల కూసో, చాయ్ పంపిస్త, రాసుడు నిమ్మళంగ అయితది అని దేవేందర్ ఆమెను ఇక్కడ కూర్చోబెట్టి పోయాడు, కట్టుకున్నవాడు, ఊరివాళ్ల సంఘానికి పెద్దమనిషి, రాసుడట, ఆమె ముందు బల్ల మీద తెల్ల కాగితాలు, వాటి మీద టమాటా సాస్ సీసా బరువు, జిల్లాలో ఉన్న నాటు తుపాకులన్నీ ఠాణాలో అప్పజెప్పాలని, ఆ తర్వాత ఎవరింట్లో దొరికినా జైలేనని, చేన్ల మీద పడే అడవి పందులను సర్కారు పంపిన మనుషులే కాల్చాలని ప్రభుత్వం ఒక ముసాయిదా పెట్టింది, కింద మర్యాదగా, అభ్యంతరాలుంటే తెలుపగలరు అని రాసింది, ఆ ఒక్క వాక్యం ఫోన్లలోకి రాగానే ఇక్కడ ఐకాడ్ కార్మికుల క్యాంపుల్లో ఉన్న ఊరివాళ్లందరికీ ఒక్కసారిగా అభ్యంతరం పుట్టుకొచ్చింది, అందరి తరఫునా మంచి తెలుగులో ఒక అర్జీ పోవాలి, పైన ఆమె పేరుండాలి, అలాంటి తుపాకీ గుండుకే పోయిన భూమేశ్‌కు సొంత అక్క, ఆమే తుపాకులు ఉండనీయండి అంటే ఇక సర్కారుకు మాటేముంటుంది, ఇంత తెలివి వీళ్లకు ఎక్కడిది, తమ్ముడు పోయినప్పుడు ఒక్కడికీ నోట మాట రాలేదు, ఫోన్ చేసి అటువైపు గాలి పీల్చి వదిలేవాళ్లు, తుపాకీ పోతుందంటే ఎన్ని మాటలు వస్తున్నాయి.

సర్కారు పంపినోడు జీపెక్కి వచ్చేవరకు పంది పిల్లల పెండ్లిళ్లు గూడ చేస్తది అన్నాడొకడు, అందరూ నవ్వారు, పెండ్లికి మన మక్క కంకులే బువ్వ అన్నాడు ఇంకొకడు, మళ్లీ నవ్వారు, నవ్వనీ, నవ్వు వచ్చే మాటే, మా బాపు తెల్లారే దాక డబ్బా కొట్టుకుంట కూసోవాల్నా, డబ్బా సప్పుడుకు పందులు ఎగురుతయిరా, ఉరుకయి, అరె నువ్వు గిక్కడ ఫోర్‌మన్‌కే భయపడ్తవు, ఇగ పందికి భయపడవా, ఖలాస్, ఈ యేడు మక్క పెట్టుడు బంద్, పత్తి పెట్టు, పత్తికి కోతులొస్తయి, కోతులకు గూడ ఓటు హక్కిచ్చిండ్రా ఏంది, ఇట్లా ఒకరి మాట మీద ఒకరు ఎక్కుతున్నారు, వారం పొడుగునా కంపెనీ మేనేజరు, ఆ ముదీర్ ముందు తల వంచుకుని నిలబడే మనుషులు, వాళ్ల మీద ఆమెకు ఎన్నడూ చిన్నచూపు లేదు, ఊళ్లో వాళ్ల అక్కలు తనతో కలిసి బడికి నడిచినవాళ్లు, ఇవాళ మాత్రం ఒక్కొక్క గొంతు గుర్తుపడుతుంటే నోట్లో చేదు ఊరుతోంది, అప్పుడే ఎవరో, ఒక్కడు పోయిండని ఊరంత తుపాకులియ్యాల్నా అన్నాడు, ఆ వెంటనే అంతా చప్పున ఆగింది, ఎవరో పరదా వైపు చెయ్యి చూపించి ఉంటారు, దేవేందర్ గొంతు సవరించుకుని, యల్లా యల్లా, అసలు ముచ్చట మీదికి రాండ్రి అన్నాడు, అసలు ముచ్చట, ఒక్కడు అన్నవాడి మీద కంటే, పరదా గుర్తొచ్చి గొంతు తగ్గించుకున్న మిగతావాళ్ల మీద ఆమెకు ఎక్కువ రోత కలిగింది, వాడు కనీసం మనసులో ఉన్నది అన్నాడు.

అట్లాగని అటు పక్కవాళ్లు బంగారమా, తను చదువు చెప్పే బడి స్టాఫ్ రూంలో విజయదుర్గ, గోదావరి నీళ్లు తాగిన మనిషి, మంచిదే, టిఫిన్ డబ్బాలో ఏదున్నా సగం పెట్టనిదే తినదు, ముసాయిదా వార్త చూసి, అయ్యో అలాంటివి ఇంకా ఉన్నాయాండీ మీ వైపు, అన్నీ లాక్కుని తగలబెట్టెయ్యాలండీ, వాళ్లు మనుషులేనా అసలు అంది, అంటూనే, మీ సెక్షన్ పేపర్లు దిద్దడం అయిపోయిందాండీ అని అడిగింది, రెండు మాటల నడుమ ఊపిరి కూడా తీసుకోలేదు, మీ వైపు అట, మక్క చేను పాలు పట్టే వేళకు పందుల గుంపు పడి పొద్దుటికి చాప పరిచినట్టు చేస్తే ఆ చేను గట్టున నిలబడ్డ మనిషి ముఖం ఎట్లుంటుందో ఆమె చూసిందా, రేణుక చూసింది, నాన్న ముఖమే చూసింది, అందుకే తుపాకీ వద్దనేవాళ్ల నోటి నుంచి ఆ మాట వింటే అది ఎంత నిజమైనా ఒళ్లు మండుతుంది, టీవీలో ముసాయిదా చదివిన ఆయన ఇస్త్రీ చొక్కా, చదువుతూ మధ్యలో చూసుకున్న గడియారం, ఫోన్లో వరసగా వచ్చిన దండాల బొమ్మలు, కొవ్వొత్తి బొమ్మలు, వెలిగించే పని కూడా లేదు, వేలితో నొక్కితే చాలు, ఒకరు తుపాకీని తిట్టి చేతులు కడుక్కున్నారు, ఒకరు తుపాకీని కాపాడుకోవడానికి సమోసాలు తింటున్నారు, భూమేశ్ అనే పేరు ఇటూ లేదు, అటూ లేదు.

భూమేశ్ ఇక్కడికి దూరంగా రువైస్‌లో ఉండేవాడు, అన్ని గంటలు బస్సులో కూర్చుని సెలవు దొరికిన వారమల్లా వచ్చేవాడు, వచ్చి ముందు వంటింటి కుళాయి బాగుచేసేవాడు, పాడవకపోయినా విప్పి బిగించేవాడు, అక్కా గిది మల్ల కారుతది సూడు, నేను రాకుంటే మీ ఇల్లు చెరువైతది అనేవాడు, కంపెనీ ఇచ్చిన, ఒంటినిండా తొడిగే నీలి కవరాల్‌తోనే వచ్చేవాడు, భుజాల మీద, మోకాళ్ల కింద లైటు పడితే మెరిసే వెండి రంగు పట్టీలు, క్రేన్ మీదున్నవాడికి కింద మనిషి ఉన్నాడని తెలియాలని కుట్టినవి, ఇక్కడి నుంచి ఊరికి పోయే ప్రతివాడూ పాతది ఒకటి సంచిలో పెట్టుకుని పోతాడు, చేన్లో ముల్లుకు చిరగదు, మంచుకు ఆగుతుంది, వీడూ పెట్టుకుని పోయాడు, వానాకాలం మక్క కంకి పట్టే వేళకు సెలవు పెట్టి మరీ పోయాడు, నాన్న ఒక్కడే రాత్రుళ్లు మంచె ఎక్కుతున్నాడని, ఆ రాత్రి పందులు పడకుండా చేను చుట్టూ కట్టిన, షాక్ కొట్టే జట్కా తీగ ఎక్కడో తెగింది, వీడు మోకాళ్ల మీద కూర్చుని ముడి వేస్తున్నాడు, పక్క చేను నడిపి లింగన్నది, ఆయన నెత్తికి కట్టుకున్న లైటు ఇటు తిరిగింది, మొక్కల నడుమ కిందుగా రెండు మెరుపులు, కళ్ల లాగా, అంతే, అక్కడ ప్రాణం కాపాడడానికి కుట్టిన పట్టీ ఇక్కడ గుండుకు దారి చూపించింది, పందనుకున్నడు, ఊరంతా అదే మాట, పోలీసు కాగితంలో అదే మాట, అమ్మకు ఫోన్ చేసినవాళ్లందరిదీ అదే మాట, పందనుకున్నడు, తను కూడా పిల్లలకు పాఠం వల్లె వేయించినట్టు మనసుకు వల్లె వేయించింది, లింగన్న పెద్దబాపు పందనుకున్నాడు, వరసకు నాన్నకు అన్న, చిన్నప్పుడు తేనెపట్టు కొట్టి తెచ్చి ముందు తన చేతిలో పెట్టిన మనిషి, పందే అనుకుని ఉంటాడు.

పరదా జరిగింది, దేవేందర్ వచ్చి ఎదురుగా కూర్చోలేదు, అంచు మీద ఆనుకున్నాడు, అయిందా రేణుకా, ఒక్క అక్షరం గూడ పెట్టలే, నాలుగు ముక్కలు చాలు అన్నాడు, ఏం రాయాల్నో నువ్వే చెప్పు అందామె, గదే, జరిగింది పొరపాటు, ఎవ్వరి తప్పు కాదు, ఆ తుపాకి పంట కోసం పట్టింది, తుపాకులు గుంజుకుంటే రైతు ఆగమైతడు, ఇగ నీ తెలుగుల నువ్వు రాయి, ఆమె అతని వేళ్లు చూసింది, గోళ్ల సందుల్లో ఇనుప పొడి, ఎంత కడిగినా పోదు, నీ తమ్ముడైతే రాద్దువా అంది, నా తమ్ముడు కాడా, నేను మొయ్యలేదా వాణ్ని అన్నాడు, గొంతు పైకి లేచి మళ్లీ పరదా గుర్తొచ్చి దిగింది, మోశాడు, అబద్ధం కాదు, ఊరికి పోయి పాడెను ఎడమ భుజం మీద, తువ్వాల మడత కూడా వేసుకోకుండా, అంత మోసిన భుజం ఇంత తొందరగా తేలికైతే దాన్ని ఏమనాలి, మా బాపు గూడ ఇప్పుడు చేన్లనే పంటుండు, ఆయన గురించి ఆలోచించవా అన్నాడు, ఆలోచిస్తున్నా అంది, మామ కూడా ఆ చలికి నీలి కవరాలే తొడుక్కుని ఉంటాడని చెప్పబోయి ఊరుకుంది, చెబితే ఇతను దానికీ ఒక జవాబు చెబుతాడు, జవాబులు వినే ఓపిక లేదు, చాయ్ చల్లారింది, ఇంకోటి పంపిస్త అని అతను పోయాడు.

చాయ్ రాలేదు, పరదా కింద ఒక జత సేఫ్టీ బూట్లు వచ్చి ఆగాయి, పరదా మాత్రం జరగలేదు, చెల్లె, నేను భోజన్నను అని వినబడింది, నడిపి లింగన్న కొడుకు, వచ్చేటప్పుడే చూసింది, వాకిలి పక్కన కుర్చీలో, ఇందరికంటే ఎక్కువ అసహ్యం అతని కోసమే అట్టిపెట్టుకుంది, ఏ ముఖంతో వచ్చాడని, లోపలికి రా అనలేదు, అతనూ అడగలేదు, నీ కాయిదంల నా పేరు పెట్టకు చెల్లె, నువ్వు రాసుకుంటె రాయి, అడ్డం రాను, నా పేరు ఒక్కటి వద్దు, ఎందుకు అందామె, బూట్లు కొంచెం కదిలాయి, బెయిలు మీద ఇంటికొచ్చిన కాన్నుంచి బాపు అన్నం ముడ్తలేడు, ఊరంత వచ్చి కూసుంటరు, నీ తప్పేముంది లింగన్నా, చీకట్ల పందనుకున్నవు అంటరు, మొన్న వాళ్ల మీదికి కట్టె పట్టుకొని లేసిండట, పందనుకోలే, దుప్పి అనుకున్న, పంది కన్ను అట్ల మెరవది, నాకు తెల్వదా, కూర కోసం కాల్చిన, నేను మనిషిని సంపిన అన్నడట, పెద్దమనుషులు ఆయన నోరు మూయించిండ్రు, దుప్పి అంటే కేసు ఇంకోటైతది, పంట కోసం తుపాకులన్న మాట పోతది, సర్కారు అన్నీ ఊడ్సుక పోతది, పంది అనే చెప్పు అని, ఇప్పుడు మతి తప్పింది అంటుండ్రు, బయట ఎవరో నవ్వారు, మీ అమ్మ కాడికి పోయిండట, చెప్పుడే చెప్పిండు, చిన్నమ్మ ఏం అనలే, తలుపు దగ్గరికేసుకున్నది, ఒక్క మాట తిట్టినా బతుకుదును అంటుండు, ఇగ పోత చెల్లె, బూట్లు వెనక్కి తిరిగాయి.

దుప్పి, కాగితాల మీది సాస్ సీసా తీసి పక్కన పెట్టింది, ఎందుకు తీసిందో తెలియదు, దుప్పి కూర కోసం, కోపం రావాలి కదా, చేను కోసం కూడా కాదు, ఒక పూట కూర కోసం తమ్ముడు పోయాడని తెలిసినప్పుడు బల్ల తన్ని లేవాలి కదా, రావడం లేదు, కోపం ఉన్నచోట ఏదో స్థిరంగా, గట్టినేల లాంటిది కాలికి తగులుతోంది, అమ్మకు తెలుసు, తలుపు దగ్గరికేసుకుని ఇన్నాళ్లూ ఫోన్లో బాగున్నవా బిడ్డా అనే అడిగింది, బయట ఉన్నవాళ్లలో ఎందరికి తెలుసో, పెద్దమనుషులకు తెలుసంటే వాళ్ల కొడుకులకు తెలియకుండా ఉంటుందా, ఆ తుపాకి పంట కోసం పట్టింది అన్నప్పుడు దేవేందర్ అంచుకు ఆనుకునే ఉన్నాడు, కూర్చోలేదు, కళ్లలోకి చూడలేదు, అతనికీ తెలుసేమో, తెలియదేమో, ఏదైనా ఒకటే, వీళ్లకు కావలసింది అర్జీ కాదు, తుపాకీ కూడా కాదు, తుపాకీ రేపు ఎట్లాగైనా సంపాదించుకుంటారు, భూమేశ్‌ను ఎవ్వరూ చంపలేదు అని అతని అక్క చేత్తో, తప్పుల్లేని తెలుగులో రాయించుకోవాలి, చీకటి, పంది, పొరపాటు, తుపాకీ, చట్టం లేకపోవడం, చట్టం రావడం, తలా ఒకటి పట్టుకుని తిరుగుతున్నారు, విజయదుర్గ ఒకటి, ఇస్త్రీ చొక్కా ఆయన ఒకటి, వీళ్లు ఒకటి, వీళ్లలో ఎవరినీ ఒక్క మాట అనాలని తనకు ఇంతవరకూ అనిపించలేదు, అది ఓర్పు అనుకుంది, చదువు చెప్పేదాని నిగ్రహం అనుకుంది, కాదు, మాట అనడానికి తగిన మనిషి ఎదురుపడలేదు అంతే, దేవేందర్ మళ్లీ పరదా జరిపాడు, అందరూ సంతకాలకు కూసున్నరు, ఏమైంది అన్నాడు, నేను రాయను అందామె, నా పేరు గాని, వాని పేరు గాని ఎక్కడన్నా పెడితే నేనే ఠాణాకు పోయి చెప్త, ఏం చెప్తవు అని అడగలేదతను, అంటే తెలుసు, సరే, అదీ తేలింది, భోజన్నను లింగన్న పెద్దబాపు నంబరు అడిగి ఇయ్యి అంది, ఆయనతోని నీకేం ముచ్చట అన్నాడు, తిడ్త అంది, గట్టిగానే అంది, బయట మాటలు ఆగిపోయాయి, ఆగనీ, ఇంతమందిలో తనకు రోత పుట్టని మనిషి ఒక్కడున్నాడు, తన తమ్ముణ్ని చంపినవాడు, ఆ మాట ఒప్పుకుని కూర్చున్నవాడు, తన నోటి నుంచి ఒక తిట్టు పడడానికి తగినవాడు ఆయనొక్కడే.