పరమేశ్వర్ సారు పెరట్లో రైలు పట్టా

...నడుం నొప్పి ఇప్పుడెక్కడికి పోయిందో, బీర తీగకు పందిరి వెయ్యమంటే మూడు నెలలుగా రేపు, ఎల్లుండి అన్న మనిషి, గోడ అవతల పరమేశ్వర్ సారు పెరట్లో తెల్లారినప్పటి నుంచి మోకాళ్ళ మీద వంగి కంకర పరుస్తున్నాడు, ఆడుకునే రైలుకు కంకరట, అనుకుంటూ జానమ్మ చేటలోని బియ్యంలో ఏరిన రాయిని గోడకేసి కొట్టింది, నిజాం రైలు కాలం నుంచి ముప్పై ఏళ్ళు గ్యాంగులో పట్టాలు మోసి పోయిన దసరాకు పింఛనీ మీద ఇల్లు చేరిన గుర్వయ్య ఇకనైనా తనవాడవుతాడనుకుంది, పాలమూరు బళ్ళో బొమ్మలు నేర్పే ఈ సారు పట్నం నుమాయిష్‌లో చావి తిప్పితే ఉరికే రైలు కొనుక్కొచ్చి గుమ్మంలో నిలబడేదాకా, గుర్వన్నా, జామచెట్టు చుట్టూ తిప్పాలె, ఎట్ల మొదలు పెట్టాలె జర చూపియ్యే, అనేదాకా, ఆ మాటకు మొగుడి మొహం వెలిగిన వెలుగు పెళ్ళి పీటల మీద కూడా చూడలేదు తను.

ముందు నేల సదును చెయ్యాలె సారూ, తొందర పడొద్దు, పట్టాకు పట్టాకు నడుమ సందు ఇడువు, ఎండకు ఇనుము సాగుతది, అంటున్న ఆ గొంతు ఎంత మెత్తగా ఉందో, తనతో ఒక్కరోజు అంత నెమ్మదిగా నాలుగు మాటలు మాట్లాడాడా, పోలీసు యాక్షన్ అయిన ఏడు జడ్చర్ల క్వార్టర్లో నొప్పులు పడుతుంటే మంత్రసాని గోవిందమ్మ నీ మొగడేడే అనడిగింది, లైను మీదున్నడు అంది తను పళ్ళు బిగబట్టి, బిడ్డ మొహం మూడో రోజు చూశాడు, అది పట్టా కాదు, సవతి, పెద్ద సవతి పోయిందనుకుంటే చిన్న సవతి పక్కింట్లోనే దిగింది.

టపుక్కున ఏదో పడ్డ చప్పుడు, మళ్ళీ చావి తిప్పిన కరకర, మళ్ళీ టపుక్కు, ఇంజనే ఖరాబున్నదేమో అని సారు, చక్రం లూజున్నది అని గుర్వయ్య, మంచిగైంది అనుకుంది జానమ్మ, చేట కింద పెట్టి కొంగు దోపుకుని, ఇల్లున్నదన్న యాది ఉన్నదా అని సారు ముందే అడిగేద్దామని గోడ చుట్టూ తిరిగి వెళ్ళింది, వెళ్ళి ఆ మాట అనబోతూనే జామచెట్టు మలుపులో పక్కకు ఒరిగి పడి ఉన్న ఇంజన్ని చూసింది, ఎవరూ చెప్పకుండానే నేల మీద వంగి, చెంప మట్టికి ఆనించి, ఒక కన్ను మూసి పట్టా వెంట చూసింది, జొన్నరొట్టెల మూట పట్టుకుని లైను వెంట పోయిన రోజుల్లో గుర్వయ్య ఇలాగే వంగి చూసేవాడు, నన్నూ ఒక్కపారి చూడనియ్యి అంటే, ఆడిదానివి, నీకెందుకే పట్టాలు, అని గ్యాంగంతా నవ్వింది, ఆ నవ్వు తర్వాత ఇంకెప్పుడూ అడగలేదు, తుమ్మచెట్టు నీడన కూర్చుని వాళ్ళు తినేదాకా చూస్తూ ఉండేది, అంతే.

బయటి పట్టా కుంగింది, అంది జానమ్మ లేవకుండానే, చెట్టుకు నీళ్ళు పోస్తున్నరు గద, మట్టి మెత్తవడ్డది, లేపి కింద కంకర కొట్టుండ్రి, గుర్వయ్య కనుబొమలు ముడిచి తానూ వంగి చూశాడు, కంకర కొట్టే ఇనుప చువ్వ కోసం అతను చెయ్యి చాచేలోపే జానమ్మ దాన్ని తన చేతిలోకి తీసుకుంది, జరుగు, అంది, చిన్న చిన్న రాళ్ళను పట్టా కిందికి దోసి కొడుతుంటే అవి ఒకదాన్నొకటి కరుచుకోవడం అరచేతికి తెలుస్తోంది, సారు చావి తిప్పాడు, ఇంజను మలుపులో ఒక్క క్షణం ఊగి, నిలదొక్కుకుని, జామచెట్టు దాటి పోయింది.

గీ ఇద్దె ఎక్కడ నేర్చినవు వదినా, అని సారు చప్పట్లు కొట్టాడు, నా దగ్గరనే, అన్నాడు గుర్వయ్య గర్వంగా, ఆ మాట వినగానే కడుపులో పాత మంట భగ్గుమంది, నీ దగ్గరనా, నువ్వు నేర్పినవా, అది పట్టా మీద మంట కాదని జానమ్మకు అప్పుడు తెలిసింది, పాపం ఆ ఇనుము ఏం చేసిందని, రోజూ పొద్దున్నే సుత్తి భుజాన వేసుకుని దాని దగ్గరికి వెళ్ళింది ఇతను, ఖాళీ మూటగుడ్డ మడిచి పట్టుకుని ఇంటిదారి పట్టింది తను, ఇన్నేళ్ళూ తను కుళ్ళుకున్నది ఈ మొగుణ్ణి చూసే.