సర్వరు గదికి వేరే వైరు

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు నేర్చుకున్నది పిల్లలు పెద్దవాళ్లయ్యాక. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మీరే సర్దుకుని చదువుకోండి. చెయ్యి నెమ్మది, అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు పట్టింది. కోపం మాత్రం ఇంకా వేడిగానే ఉంది.

ఆ పొద్దున మా పెద్దమ్మాయి కార్ఖానాలో అడుగుపెట్టేసరికి మిషన్లన్నీ నోరు మూసుకుని కూర్చున్నాయి. కళ్లద్దాలకు గాజులు అరగదీసే కార్ఖానా అది. ఊళ్లోని కళ్లజోళ్ల కొట్లన్నీ ఆర్డర్లు అక్కడికే పంపిస్తాయి. ఒక్కో ట్రేలో రెండు గాజులు, ఒక నంబరు చీటీ. ఆ నంబరు కొడితే ఎవరి కంటికి ఎంత పవరో సర్వరు చెప్పాలి, అప్పుడే మిషను తిరుగుతుంది. సర్వరేమో చెప్పడం లేదు. తెర మీద తెల్లటి అక్షరాలు కొన్ని వరసలు వచ్చి ఆగిపోయాయి. ఇలా ఆగడం రెండోసారి, మొదటిసారి ఆర్పి వేస్తే లేచింది. ఈసారి లేవలేదు.

“చెప్తే విన్నావా?” అన్నాడు వాళ్ల బాబాయ్, పనివాళ్లందరికీ వినపడేలా. “ఊరికే దొరికిందని తెచ్చి నెత్తిన పెట్టుకున్నావు. ఇప్పుడు దిగమను.”

పెద్దమ్మాయి పళ్లు బిగబట్టి కుర్చీ లాక్కుంది.

మా ఆయన పోయాక కార్ఖానా ఆమెకీ బాబాయ్‌కీ ఉమ్మడిగా మిగిలింది. కొత్త సర్వరు కొన్నప్పుడు అందులో ఏ సిస్టం వెయ్యాలన్న దగ్గర ఇద్దరికీ చెడింది. బాబాయ్ విండోస్ అన్నాడు. ఆయనతో పేకాడే కంప్యూటరాయన ఏటేటా లైసెన్సు కట్టించుకుని అన్నీ చూసుకుంటానన్నాడట. పెద్దమ్మాయి, పైసా కట్టక్కర్లేని లినక్స్ అంది. పెళ్లికి ముందు ఒక ఆసుపత్రి కంప్యూటర్ గదిలో ఆమె దానితోనే కాపురం చేసింది. అది పడిపోతే తనే లేపుకోగలదు, ఎవరి గడ్డం పట్టుకోనక్కర్లేదు. చివరికి బాబాయ్ ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఏడాది పాటు ఏ తంటా లేకుండా నడిస్తే కార్ఖానా తాళాలు ఆమె చేతికి. తంటా వస్తే ఆమె బిల్లుల బల్ల దగ్గరికి, పెత్తనం ఎప్పటికీ ఆయనకి.

రాత్రిపూట దానంతటదే తీసుకునే నకలు కోసం వెతికింది. మొదటి నుంచీ ఒక్క నకలూ లేదు. ఒక్కసారైనా తెరిచి చూసుకోకపోవడం తన తప్పేనని ఒళ్లు మండిపోయింది. సిస్టం మళ్లీ ఎక్కించి, కొట్టుకొట్టుకూ ఫోను చేసి పవర్లు మళ్లీ అడిగింది. ఒక కొట్టాయన, మీ గాజులు వచ్చేలోపు మా కస్టమర్లకు చూపు దానంతటదే బాగుపడేలా ఉందన్నాడు. అదీ దిగమింగింది.

బాబాయ్ ఊరుకోలేదు. కంప్యూటరాయన్ని పిలిపించి, విండోస్ వేసిన ఇంకో పెట్టె తెచ్చి పక్కనే పెట్టించాడు, ఏది నిలబడుతుందో చూద్దామని. చిన్న గదిలో రెండు పెట్టెలూ మొహాలు చూసుకోని తోడికోడళ్లలా కూర్చున్నాయి. వారం తిరక్కుండానే విండోస్ పెట్టె కూడా లేవనంది.

కంప్యూటరాయన రెండింటినీ తెరిచి చాలాసేపు చూశాడు. పేకాట స్నేహం మాటెలా ఉన్నా, పని దగ్గర మనిషి నిక్కచ్చి.

“దీని తప్పూ కాదు, దాని తప్పూ కాదు. రోజూ సాయంత్రం ఒకే వేళకి కరెంటు తీసేసి రెండింటి పీకా ఎవరో నొక్కేస్తున్నారు.”

అది కార్ఖానా మూసే వేళ. అందరి చూపులూ బాబాయ్ మీదికి తిరిగాయి. ఒకప్పుడు గాజులకు రంగు వేసే తొట్టి కింద హీటరు ఆర్పడం మరిచిపోయి గోడ సగం కాలిపోయింది. అప్పట్నుంచి మూసేటప్పుడు మెయిన్ స్విచ్చి లాగెయ్యాలని తండ్రి పద్ధతి పెట్టాడు. సర్వరు వచ్చాక, మిషన్లు ఒక్కొక్కటే ఆర్పమని, మెయిన్ ముట్టుకోవద్దని పెద్దమ్మాయి చెప్పింది. బాబాయ్ సరే సరే అని తలూపాడు. ఆఖర్న తాళం వేసేదీ ఆయనే, పొద్దున్నే తీసేదీ ఆయనే. కరెంటు రాగానే సర్వరు తనే లేచేది కాబట్టి ఆమెకు అనుమానం రాలేదు. రాత్రిళ్లు కరెంటే లేక నకళ్లు పడలేదన్నమాట.

“లాగొద్దని చెప్పానా లేదా బాబాయ్?”

“మీ నాన్న పెట్టిన పద్ధతమ్మా. పొద్దున్నే మళ్లీ వేస్తున్నాగా. పెట్టెకేం, నిద్రపోయి లేస్తుంది.”

“అందరి ముందూ నన్ను కడిగేస్తున్నప్పుడైనా ఆ మాట నోటికి రాలేదా?”

బాబాయ్ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తుడిచి తుడిచి, ఏదైతేనేం, కంప్యూటరాయనకి మాటిచ్చేశాను కాబట్టి విండోసే ఉంచేద్దామన్నాడు.

పెద్దమ్మాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. అన్నా, నీ పెట్టె నువ్వు తీసుకెళ్లు, నిజం చెప్పినందుకు మాత్రం రుణపడి ఉంటానని కంప్యూటరాయనతో అంది. ఆ మధ్యాహ్నమే కరెంటాయన్ని పిలిచి, మెయిన్‌తో పనిలేకుండా సర్వరు గదికి వేరే వైరు లాగించింది. తొట్టి హీటరు ఉన్నది మెయిన్ కిందే కాబట్టి నాన్న పద్ధతికీ లోటు రాలేదు.

మూసే వేళకి ఆమె ఇంటికి వెళ్లలేదు, గుమ్మంలోనే నిలబడింది. బాబాయ్ అలవాటుగా మెయిన్ లాగాడు. హాలంతా చీకటైంది. సర్వరు గది అద్దం వెనక చిన్న పచ్చ దీపం ఒకటి మాత్రం మిణుకుమంటోంది.

“అదీ ఆర్పెయ్,” అన్నాడు.

“ఆరదు. అది నేను పెట్టింది.”

“అయితే రేపట్నుంచి నేను రాను.”

“రా బాబాయ్. టీ తాగు, గాజులు చూడు, నీ కుర్చీ నీదే.” ఆమె చెయ్యి చాపింది. “తంటా తెచ్చింది నా పెట్టె కాదు, నువ్వు. తాళాలు ఇలా ఇవ్వు.”

ఆయన ఇవ్వలేదు. ఆమె చెయ్యి దించలేదు. పనివాళ్లు చెప్పులేసుకోవడం ఆపి చూస్తున్నారు. చివరికి గుత్తి ఆమె చేతిలో పెట్టలేదు గానీ బల్ల మీదికి విసిరి వెళ్లిపోయాడు. ఆమె దాన్ని తీసుకుని తలుపు వేసింది.

— అందరూ అద్దాలమ్మ అంటారు. అరవై తొమ్మిదేళ్లు. ఇప్పుడు ఆ కార్ఖానా మీద గదిలోనే ఉంటున్నాను.