ముందు నేను చూస్తాను

ఉతికిన బట్టలు మడతపెడుతూ ఎలుగుబంటి కార్టూన్ చూస్తున్నాను. పదకొండు నిమిషాల బొమ్మ, ఇది మూడోసారి. ఎలుగుబంటి తమ్ముణ్ణి అలమారలో పెట్టి తలుపేసిందేమోనని నాకో అనుమానం. అత్తగారు అటు వెళ్తూ ఆగి, "ఏమ్మా, నీకూ మూడేళ్ళేనా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆవిడ ఏదన్నా నవ్వుతూనే అంటారు, అందుకే తిరిగి ఏమీ అనలేం.

మూడేళ్ళు మా పాప పిచ్చుకకి. దానికి రోజుకి అరగంట టీవీ. ఆ అరగంట కోసం నేను ఎంతసేపు చూస్తానో ఈ ఇంట్లో ఎవరికీ తెలీదు. బొమ్మలు పిల్ల అందుకోలేనంత వేగంగా మారిపోతున్నాయా, అరుపులెన్ని, కిందపడ్డవాణ్ణి ఎవరైనా లేవదీశారా లేక అందరూ నవ్వారా. ఇవన్నీ చూశాకే దానికి పెడతాను. ఒకసారి నేను బజారుకెళ్తే మా ఆయన చేతికందిందేదో పెట్టేశారు. అందులో పిల్లి స్నానాలగది తూములోకి జారిపోయిందట. ఆ తర్వాత నెల్లాళ్ళు, తూము మీద చెంబు బోర్లించి నేను దాన్ని కాలితో నొక్కిపట్టుకుంటేగానీ పిల్ల నీళ్ళు పోయించుకోలేదు. "పిల్లలన్నాక భయపడతారు. మనం పెరగలేదా?" అన్నారాయన.

పెరిగాం. ఎలా పెరిగామో ఆయన మర్చిపోయారు, నేను మర్చిపోలేదు. మాకు వారానికొక్కసారే పిల్లల కార్యక్రమం, ఆదివారం పొద్దున. అమ్మ బఠానీల గిన్నె తెచ్చుకుని చాప మీద నన్ను ఆనుకుని కూర్చునేది. నక్క గుహ దగ్గరకి రాగానే, "ఇప్పుడేమవుతుందంటావే?" అని అడిగేది. నేను చెప్పింది తప్పైతే, "చూశావా, మనిద్దర్నీ ఎలా బోల్తా కొట్టించిందో!" అనేది. నాకు భయం వేస్తోందని నాకే తెలిసేలోపు అమ్మ చెయ్యి నా వీపు మీద ఉండేది. వేళ్ళు బఠానీలు ఒలుస్తూనే ఉండేవి, చూపు సగం టీవీ మీద, సగం నా మీద. ఆ తొక్కల పచ్చివాసన ఎక్కడైనా తగిలితే నాకిప్పటికీ ఆ చాప మీదకి వెళ్ళి కూర్చోవాలనిపిస్తుంది. సాయంత్రం పెద్దవాళ్ళ సినిమా వచ్చే వేళకి మాత్రం అమ్మ వంటింట్లో ఉండేది. నాన్న ముందుగదిలోంచే కథ వినిపించేవారు. "ఏమోయ్, హీరోయిన్ చచ్చిపోయింది!" అని కేకేస్తే, అమ్మ గరిటె తిప్పుతూ "అయ్యో పాపం!" అనేది.

మొన్న ఫోన్లో అడిగాను. "అమ్మా, నీకే సినిమా అంటే ఇష్టం?"

"ఏమోనే. పూర్తిగా చూసినవి ఉంటే కదా చెప్పడానికి!" అని నవ్వేసింది. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపొచ్చింది. పెళ్ళికి ముందు ప్రతి ఆదివారం నాలుగింటికి లైబ్రరీ హాల్లో పాత సినిమా వేస్తే మొదటి వరసలో ఉండేదాన్ని. పిచ్చుక పుట్టాక ఒక్క సినిమా కూడా మొదట్నుంచి చివరిదాకా చూడలేదు. రేపు ఇది నన్ను అడిగితే నేనూ అమ్మలాగే నవ్వేస్తానేమో.

శనివారం మా ఆయన ఆఫీసు స్నేహితుడు, అతని భార్య వచ్చారు. వాళ్ళకి రెండేళ్ళ బాబు. పిచ్చుక తన అరగంట అయిపోగానే టీవీ ఆపేసి బొమ్మల బుట్ట దగ్గరకి పోతే అతని భార్య ముక్కున వేలేసుకుంది. "మేం మొదట్నుంచీ ఒక పద్ధతిలో పెంచాం," అన్నారు మా ఆయన కాలు మీద కాలు వేసుకుని. "మావాడికి ఏం చూపిస్తే బావుంటుంది అన్నయ్యా?" అని అడిగిందామె. ఆయన నావైపు చెయ్యి చూపించారు. "అవన్నీ మా ఆవిణ్ణి అడగమ్మా. తనకి ఉన్న పనే అది, రోజంతా బొమ్మలు చూడ్డం!" అందరూ నవ్వారు. అలవాటుకొద్దీ నేనూ నవ్వాను. నవ్వుతున్న నా మొహం మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు మూడున్నరకి చెప్పులు వేసుకున్నాను.

"ఎక్కడికి?" అన్నారాయన.

"సినిమాకి. పిచ్చుక ఇంకాసేపట్లో లేస్తుంది. ఏడింటికి వస్తాను."

"ఇవాళ మ్యాచ్ ఉందే!"

"తెలుసు," అని బయటకి వచ్చేశాను.

లైబ్రరీ హాల్లో కుర్చీలు మారాయి గానీ ఆ పాత పుస్తకాల వాసన అలాగే ఉంది. మొదటి వరసలో కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది. వెనకాల పిచ్చుక రాగాలు తీస్తోంది. "దీనికేం పెట్టమంటావ్?" అన్నారు.

రెండు కార్టూన్ల పేర్లు నాలిక చివరిదాకా వచ్చాయి. మింగేశాను. "మీకు మంచిదనిపించింది పెట్టి పక్కన కూర్చోండి. దాని మొహం చూస్తూ ఉండండి. భయపడితే ఆపేయండి, ఏదన్నా అడిగితే చెప్పండి."

"అంతసేపూనా?" అన్నారాయన, నిజంగానే ఆశ్చర్యపోతూ.

"అంతసేపూ," అని ఫోన్ ఆపేశాను.