హనుమాయమ్మ ఇంటి కరెంటు

క్రిస్టీనా పొదిలిలో గుంటూరు బస్సెక్కేటప్పటికే చేతిలోని గేమ్ మెషిన్‌కి చార్జింగ్ అయిపోవచ్చింది. ఆమె గుంటూరు బ్రాడీపేటలో ఒక క్లినిక్‌లో నర్సు. వారం వారం ఈ ప్రయాణం తప్పదు. మెషిన్‌తో పాటు వచ్చిన చార్జర్ కాలిపోయి ఏడాదైంది. అప్పటినుంచి పక్క సీటువాళ్లనో, టీకొట్టువాళ్లనో అడిగి పెట్టుకోవడమే.

పరాయి చార్జింగ్‌తో ఒక్కటే తేడా. ఏ ఇంటి కరెంటు ఎక్కితే, ఆటలోని బొమ్మ మనిషి ఆ ఇంట్లోనే పరుగెత్తుతాడు. ఆ సమయానికి అక్కడ ఏం జరుగుతుంటే అదే కనిపిస్తుంది; వాడి కాలు తగిలిన సామాను అక్కడ నిజంగానే దొర్లుతుంది. ఓసారి కండక్టరు కూడా తన పవర్ బ్యాంక్ ఇచ్చి, "మావాళ్లు ఏం కూర వండుతున్నారో చూడమ్మా" అన్నాడు.

ఆ రోజు పక్కన కూర్చున్నావిడ హనుమాయమ్మ. పొదిలిలో మిర్చి రైతు ఇల్లాలు. గుంటూరులో చెల్లెలి ఇంటికి వెళ్తోంది.

"పిన్నిగారూ, మీ పవర్ బ్యాంక్ కాసేపు ఇస్తారా?"

"తీసుకోమ్మా. నిన్నంతా మా ఇంట్లోనే చార్జింగ్ పెట్టింది. మిరపకాయలు ఎండబోశారో లేదో కాస్త చూసి చెప్పు."

దర్శి దాటాక బొమ్మ మనిషి వాకిట్లోకి దూకాడు. కాయలు పరిచే ఉన్నాయి. అక్కణ్ణుంచి వంటింట్లోకి పరుగెత్తాడు. క్రిస్టీనా వేలు బటన్ మీద బిగుసుకుపోయింది.

గ్యాస్ బండ పక్కన నిండు చూలాలు నేలమీద పడి ఉంది. చీరంతా నెత్తురు.

"పిన్నిగారూ... ఈమె ఎవరండీ?"

హనుమాయమ్మ తొంగిచూసింది. "తేజశ్రీ... మా కోడలు" అంది.

కోడలికి ఫోన్ చేశారు. గూట్లో ఆ ఫోన్ మోగుతుండటం ఆటలోనే కనబడింది. పొలంలో ఉన్న కొడుకు ఎత్తలేదు. పక్కింటి ప్రేమమ్మా ఎత్తలేదు.

"ఎవర్నన్నా పిలువు నాయనా!" హనుమాయమ్మ బొమ్మ మనిషినే బతిమాలింది.

క్రిస్టీనా వాణ్ణి వంటగట్టు మీదికి ఎగిరించి బిందెల వరసను తన్నించింది. ఖణేల్మని దొర్లాయి. ఎవరూ రాలేదు. మళ్లీ తన్నించింది. మూడోసారికి, చేతులకు పిండితో ప్రేమమ్మ గుమ్మంలోకి వచ్చి కెవ్వుమంది. బస్సంతా ఉలిక్కిపడింది.

అద్దంకిలో దిగి ఇద్దరూ వెనక్కి బస్సెక్కారు. ప్రేమమ్మ తేజశ్రీని చేర్చిన పొదిలి ఆసుపత్రికి వాళ్లు వచ్చేసరికి ఆపరేషన్ అయిపోయింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా దక్కారు.

"ఇంకో అరగంటైతే ఇద్దరూ మిగిలేవాళ్లు కాదు. నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి?" డాక్టరమ్మ అడిగింది.

"నాకేం తెలుసండీ, బిందెల చప్పుడుకి వచ్చాను" అంది ప్రేమమ్మ.

హనుమాయమ్మ తల దించుకుంది. "తెల్లారగట్లే చెప్పిందండీ. కడుపులో పట్టేస్తోందత్తయ్యా, ఇవాళ వెళ్లొద్దంది. బస్సుకు టైమైందని నేనే వచ్చేశాను."

పక్క మంచం మీద తేజశ్రీ కళ్లు తెరవకుండానే చెయ్యి చాచింది. ఆ చెయ్యి పట్టుకోవడానికి హనుమాయమ్మ చాలాసేపు భయపడింది.