స్టీరింగు మీద చేతులు

కొండల నడుమ సూసమీర్ మైదానం దాటి రోడ్డు వంపు తిరిగేచోట తలాంత్ పేరు చెక్కిన రాయి ఉంది. మూడేళ్ల కిందట అక్కడే టైరు పేలి అతని వ్యాను లోయలోకి దొర్లింది. పక్క సీట్లో ఉన్న తండ్రి సాపర్‌బెక్ విరిగిన కాలితో బతికి బయటపడ్డాడు. అప్పటినుంచీ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఆయన చెప్పేది ఒకటే మాట, మావాడు కంగారుపడి బ్రేకు తొక్కాడని. విని విని తలాంత్ కూతురు, ఆరేళ్ల ఐజిరెక్ కూడా "మా నాన్న కంగారుపడ్డాడు" అని అప్పజెబుతోంది.

తలాంత్ చెల్లెలు బురుల్‌కు మాత్రం ఆ మాట ఏనాడూ మింగుడుపడలేదు. ఎలా పడుతుంది? ఆమెకు బండి నేర్పింది ఆ అన్నే కదా. టైరు పేలితే బ్రేకు జోలికి పోకే, స్టీరింగు గట్టిగా పట్టుకో, యాక్సిలరేటరు మీంచి కాలు మెల్లగా తియ్యి, బండి దానంతటదే నెమ్మదిస్తుంది అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరినవాడు. అలాంటివాడు బ్రేకు తొక్కాడంటే నమ్మాలా?

ఇప్పుడు ఆ దారిలో ప్రయాణికుల బండి నడిపేది బురులే. ఆ మధ్యాహ్నం మాత్రం ఇంటివాళ్లే ఉన్నారు, పక్కన తండ్రి, వెనక ఐజిరెక్. రాయి కనబడగానే సాపర్‌బెక్ గొంతు సవరించుకున్నాడు.

"చేతులెత్తు."

అక్కడి డ్రైవర్లు చనిపోయినవాళ్ల గుర్తు దాటేటప్పుడు ప్రార్థన గొణిగి, అరచేతులు మొహం మీదుగా దించుకుంటారు. స్టీరింగు వదిలేసి మరీ. బురుల్ ఒక చెయ్యి ఎత్తింది.

"ఒంటిచేత్తోనా? మీ అన్నకి ముష్టి వేస్తున్నావా?"

"వంపు నాన్నా."

"నలభై ఏళ్లు నడిపినవాడికి నువ్వు చెప్తావేంటే వంపుల సంగతి. రెండూ ఎత్తు."

ఆ ఇంట్లో ఆయన మాటకు ఎదురు లేదు. ఎత్తింది. చేతులు గడ్డం దాకా దిగాయో లేదో, ముందు కుడి టైరు ఢామ్మని పేలింది.

బండి లోయవైపు లాగేసింది. బురుల్ స్టీరింగు దొరకబుచ్చుకుంది. మోచేతుల దాకా అదురు.

"బ్రేకు తొక్కు. తొక్కవే, చెప్తుంటే."

పుట్టినప్పటి నుంచీ ఆ గొంతుకు లొంగిన కాలు బ్రేకు మీదికి పోనే పోయింది. తొక్కలేదు. కాలు వెనక్కి లాక్కుంది. తండ్రి హ్యాండు బ్రేకు అందుకోబోతే మోచేత్తో ఆయన్ని ఒక్క పోటు పొడిచింది. తండ్రి మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు. బండి కంకర మీద గరగరా ఈడ్చుకుంటూ పోయి, అంచుకు జానెడు ఇవతల ఆగింది.

ఐజిరెక్ ఏడుస్తోంది. ఒంటిమీద గీత కూడా పడలేదు.

బురుల్ తండ్రి వైపు తిరిగింది.

"ఆ రోజూ ఇలాగే చెప్పావా నాన్నా?"

ఆయన అప్పుడు విరిగిన కాలు తడుముకున్నాడు.

"వాడు నీలా కాదమ్మా," అన్నాడు. "ఏనాడూ నా మాట జవదాటలేదు."

"నాకు కాదు. వెనక్కి తిరిగి ఐజిరెక్‌కి చెప్పు."

బురుల్ తలుపు తెరుచుకుని జాకీ కోసం దిగింది. ఆమె చక్రం నట్లన్నీ వదులు చేసేదాకా కూడా ఆయన వెనక్కి తిరగలేదు.