సగం తెగిన లైను

పంజాగుట్టలో ఒక చీరల షాపు పైన ఉన్న చిన్న కంపెనీలో యశస్విని ఉద్యోగం. నెట్‌వర్కును కావాలని చెడగొట్టి, తమ సర్వర్ తట్టుకుంటుందో లేదో చూడటం ఆమె పని.

ఆ సర్వర్ వేరే కంపెనీల ప్రోగ్రాములను దాచి ఉంచుతుంది. ఇంజనీర్లు ఏ మార్పు చేసి పంపినా భద్రపరుస్తుంది. ఎవరు ఏం మార్చారో, అంతకుముందు ఎట్లా ఉండేదో ఎప్పుడడిగినా తీసి చూపిస్తుంది. ఒకటి పాడైతే పని ఆగకూడదని రెండు సర్వర్లు జంటగా పెడతారు. ఒకటి పెద్దది, రెండోది చిన్నది. పెద్దదానికి అందినవన్నీ కాసేపటికి చిన్నదానికి చేరతాయి. పెద్దదాని ఊసే లేకుండా పోతే చిన్నది తానే పెద్దరికం తీసుకుంటుంది. రెండింటి మధ్య లైను తెగినా, నత్తనడక నడిచినా, వస్తూ పోతూ ఉన్నా ఏమవుతుందో కస్టమర్ కంటే ముందు ఆఫీసులోనే తేలాలి. అందుకోసం యశస్విని ఒక ప్రోగ్రాము రాసుకుంది. అది రెండు సర్వర్ల నడుమ కూర్చుని, ఆమె ఏది మింగమంటే ఆ సందేశాన్ని మింగేస్తుంది.

ఆమెది సిద్దిపేట దగ్గరి ఊరు. అమీర్‌పేటలో కోర్సు చేసి ఇక్కడ చేరింది. తోటివాళ్లు కొత్తవి కడుతుంటే తను విరగ్గొడుతూ కూర్చోవడం మొదట్లో నామోషీగా ఉండేది. రాను రాను అందులోనే రుచి దొరికింది.

ముసురు పట్టిన ఆ పొద్దున ఆమె లైనును ఒక్క వైపే తెంపింది. చిన్నది పంపేవి పెద్దదానికి అందుతాయి, పెద్దది పంపేవి చిన్నదానికి అందవు. అనుకున్నట్టే చిన్నది, పెద్దది పోయిందనుకుని తనే పెద్దరికం తీసుకుంది. ఆ సంగతి పెద్దదానికి చెప్పింది కూడా. కానీ పెద్దది ఇచ్చిన జవాబు చిన్నదానికి చేరినట్టు తెలిసేదాకా అలాంటి మాటను లెక్కచేయొద్దని ఎవరో ఎప్పుడో రాసిన షరతు ఒకటి ఉంది. జవాబు ఎట్లాగూ చేరదు. దాంతో రెండూ పెద్దవే అయి కూర్చున్నాయి. యశస్విని పాత పెద్దదానికి ఒక మార్పు పంపింది. ‘అందింది’ అని పచ్చగా చూపించింది. తర్వాత ఆమె లైను బాగు చేసింది.

సర్వర్లు రెండూ మాట్లాడుకున్నాయి. కొత్త పెద్దదాని మాట నెగ్గింది. పాతది చప్పుడు చేయకుండా తన దగ్గరున్నదంతా తుడిచేసి, అవతలిదాన్ని చూసి మళ్లీ రాసుకుంది. ఆమె పంపిన మార్పు ఎక్కడా లేదు. ఎర్ర గుర్తు లేదు, హెచ్చరిక లేదు. అసలు అటువంటిది ఒకటి వచ్చినట్టే లేదు.

మళ్లీ చేసింది. మళ్లీ పోయింది. అనుమానం వచ్చి, కస్టమర్ల దగ్గర నడుస్తున్న పాత వెర్షన్ మీద అదే పరీక్ష పెట్టింది. అందులోనూ పోయింది.

లేచి ఓనర్ గదికి నడిచింది. హనుమత్ప్రసాద్‌ది భీమవరం వైపు. కంపెనీని ఒక్క గదిలో మొదలుపెట్టి ఇంతదాకా తెచ్చాడు.

“ఏంటమ్మా, ఇవాళేం విరగ్గొట్టావు?” అన్నాడు నవ్వుతూ.

ఆమె లాప్‌టాప్ తిప్పి చూపించింది. చూస్తుండగానే ఆయన మొహంలో నవ్వు పోయింది. కాసేపు గడ్డం రుద్దుకున్నాడు.

“లైను తెగితే రెండు వైపులా తెగుతుంది గానీ, నిజంగా ఎక్కడైనా ఇలా ఒక్క వైపే తెగుతుందా?”

“ఎప్పుడో ఒకపారి తెగుతది సార్.”

“రెండేళ్ల నుంచి వాడుతున్నారు. ఒక్కరైనా ఫిర్యాదు చేశారా?”

“పోయిందని తెలిస్తే గద సార్, ఫిర్యాదు చేసేది?”

ఆయన కిటికీలోంచి కింద ఫ్లైఓవర్ మీద ఆగిపోయిన బండ్లను చూశాడు. “సోమవారం కొత్త వెర్షన్ రిలీజు. దీని సంగతి ఆ తర్వాత చూద్దాం. ఇప్పుడు కస్టమర్లకు చెబితే అందరూ బెదిరిపోతారు. నువ్వు కూడా ఎవరితోనూ అనకు.”

ఆమె తల ఊపి వచ్చేసింది. లంచ్ బాక్స్ తెరిచింది. పోయింది పోయినట్టు కూడా తెలియకపోవడం ఆమెను పట్టుకుని వదలలేదు. దొంగ పడ్డ ఇంట్లో తాళమన్నా విరిగి ఉంటుంది. ఇక్కడ అదీ లేదు.

బాక్స్ మూసి, మెట్ల దగ్గరికి పోయి విజయేందర్‌కు ఫోన్ చేసింది. కోర్సులో ఆమె కంటే ముందు బ్యాచ్ వాడు. లిఫ్టులను నడిపించే బోర్డులు తయారుచేసే కంపెనీలో ప్రోగ్రాములు రాస్తాడు. వాళ్ల ఆఫీసు లక్డీకాపూల్‌లో, ఫ్యాక్టరీ సనత్‌నగర్‌లో. వీళ్ల సర్వర్ జంటనే వాడుతున్నారు. పెద్దది ఆఫీసులో, చిన్నది ఫ్యాక్టరీలో.

“అన్నా, ఆఫీసుకు ఫ్యాక్టరీకి నడుమ లైను ఎప్పుడన్న సతాయించిందా?”

“పోయిన వారమే సతాయించింది చెల్లె. రోడ్డు తవ్విన్రు గదా. తమాష ఏందంటే, మాకు ఫ్యాక్టరీ మంచిగనే కనబడుతుంది, వాళ్లకు మేం కనబడతలేం. మల్ల దానంతటదే మంచిగైంది. ఎందుకడుగుతున్నవ్?”

“ఆ పొద్దు నువ్వేమన్న పంపినవా సర్వర్‌కు?”

“పంపిన. తలుపు సంగతి.”

ఆ సంగతి ఆమెకు అతనే ఇంతకుముందు చెప్పాడు. వాళ్ల కొత్త బోర్డులో ఒక లోపం బయటపడింది. తలుపు లాకు సిగ్నల్ కొద్దిగా అదిరితే చాలు, తలుపు పడిందనుకుని లిఫ్టు కదిలేది. సిగ్నల్ నిలకడగా ఉంటే తప్ప కదలకుండా విజయేందర్ దాన్ని సరిచేశాడు.

“గా మార్పు ఉన్నదా ఇప్పుడు?”

“యాడికి పోతది? నా ముంగటనే ఉన్నది.”

“నీ లాప్‌టాప్‌ల కాదన్నా. సర్వర్‌ల చూడు.”

కీబోర్డు చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్లీ వినిపించింది.

“లేదు,” అన్నాడు విజయేందర్. “అందింది అని చూపెట్టింది నాకు. పచ్చగ చూపెట్టింది.”

“తెలుసన్నా. బోర్డులకు ప్రోగ్రాం యాడికెల్లి ఎక్కిస్తరు?”

“ఫ్యాక్టరీ సర్వర్ కెల్లే. నేను పరీక్షించిన బోర్డుకు నా లాప్‌టాప్ కెల్లి ఎక్కించిన. మిగతయన్ని…” మాట మధ్యలో ఆగిపోయాడు. “ఒక్కటే బయటికి పోయింది. మైత్రివనం వెనక గల్లీల కోచింగ్ సెంటర్ల బిల్డింగ్. నిన్ననే బిగించిన్రు. నేను బయలుదేరుతున్న. కానీ నువ్వు దగ్గరున్నవ్. ఉరుకు.”

ఆమె ఎవరికీ చెప్పలేదు. రోడ్డు నిండా బండ్లు ఇరుక్కుని ఉన్నాయి. మెట్రో ఎక్కింది. అమీర్‌పేట పక్క స్టేషనే. ఆ కాస్త దూరంలో విజయేందర్ ఆ బిల్డింగ్ వాళ్లకు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఎవరూ ఎత్తడం లేదని మెసేజ్ పెట్టాడు.

గల్లీలో గోడల మీద ఖాళీ లేకుండా కోర్సుల బోర్డులు. జిరాక్సు షాపుల ముందు గొడుగుల గుంపు. బిల్డింగ్ కింద లిఫ్టు ముందు పిల్లలు బారుగా నిలబడి ఉన్నారు. ఒక బ్యాచ్ వదిలి ఇంకో బ్యాచ్ మొదలయ్యే వేళ అది. పక్కన కుర్చీలో వాచ్‌మన్ పోచయ్య కూర్చుని ఉన్నాడు.

“తాతా, లిఫ్టు బంద్ చెయ్యాలె. జల్ది. దాన్ల ఖరాబు ప్రోగ్రాం ఉన్నది. తలుపు పడకముందే కదుల్తది.”

పోచయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. “ఎవరు బిడ్డా నువ్వు? లిఫ్టు కంపెనీదానివా?”

“కాదు. వాళ్లే పంపిన్రు. వస్తున్నరు వాళ్లు సుత.”

“మేనేజర్ సార్ చెప్పనిది నేను బంద్ చేస్తే నా నౌకరి పోతది.” తర్వాత గొంతు తగ్గించాడు. “గానీ బిడ్డా, నువ్వన్నది నిజమే. పొద్దుగాల సంది ఒకటి రెండుసార్లు గట్లనే ఎగిరింది. కొత్తది గదా, కుదురుకుంటదిలే అనుకున్నం.”

లిఫ్టు అప్పటికే పైన ఉంది. బారులో ఉన్నవాళ్లతో, “ఎవరూ ఎక్కకుండ్రి, మెట్ల మీదికెల్లి పోండ్రి” అని అరిచింది. కొందరు కదిలారు. కొందరు నవ్వారు. ఒకతను ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు. మేనేజర్ గది అయిదో అంతస్తులో ఉందని పోచయ్య చెప్పాడు. ఆమె మెట్లెక్కి పరుగెత్తింది. ప్రతి అంతస్తులోనూ లిఫ్టు దగ్గర నిలబడ్డవాళ్లకు చెబుతూనే పోయింది.

మూడో అంతస్తుకు వచ్చేసరికి లిఫ్టు అక్కడే ఆగి ఉంది. తలుపులు తెరిచి ఉన్నాయి. సంచీ భుజాన వేసుకున్న ఒక అమ్మాయి లోపలికి అడుగు వేస్తోంది.

“ఆగు!” అని యశస్విని అరిచింది.

ఆ అమ్మాయి అరుపు విని వెనక్కి తిరిగింది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. తలుపులు కొద్దిగా అదిరాయి, పడలేదు. లిఫ్టు పైకి కదిలింది.

ఏమంత వేగంగా కదలలేదు. తర్వాత రోజుల్లో యశస్వినికి ఎక్కువగా గుర్తొచ్చింది అదే. అది తొందరపడలేదు, తడబడలేదు. చెప్పిన పని చేసినట్టు నింపాదిగా లేచింది. అమ్మాయి పడిపోయింది. లోపలి కాలు లిఫ్టుతో పాటు పైకి పోతోంది. యశస్విని ఆమె నడుం పట్టుకుని వెనక్కి లాగింది. చెప్పు ఊడింది గానీ, పాదం లిఫ్టు అంచుకూ తలుపు పై చట్రానికీ మధ్య ఇరుక్కుంది. ఆ అరుపు బిల్డింగ్ మొత్తం వినిపించింది.

కింద పోచయ్య ఇక ఎవరినీ అడగలేదు. మెయిన్ స్విచ్చు కిందికి గుంజేశాడు. లిఫ్టు ఆగింది. లైట్లన్నీ ఆరిపోయాయి. చీకటి వరండాలో పిల్లలు ఫోన్ లైట్లు పట్టుకుని నిలబడ్డారు. విజయేందర్ మెట్ల మీదుగా వచ్చేదాకా యశస్విని ఆ అమ్మాయిని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నిలబడింది. అతను పైన మోటారు గదికి పోయి చేత్తో చక్రం తిప్పి, లిఫ్టును వెంట్రుకవాసి చొప్పున కిందికి దించాడు. చివరికి పాదం బయటికి వచ్చింది.

అమ్మాయి పేరు వనిత. పంజాగుట్టలోని ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయారు. చీలమండ రెండు చోట్ల విరిగింది, ఆపరేషన్ చేసి రాడ్డు వెయ్యాలి, నడుస్తుంది గానీ మునుపటిలా కాదు అన్నారు డాక్టర్లు.

మర్నాడు హనుమత్ప్రసాద్ ఆసుపత్రికి వచ్చాడు. రిలీజు ఆపేశానని వస్తూనే యశస్వినితో అన్నాడు. వార్డు బయట బెంచీ మీద వనిత తండ్రి ఓదెలు కూర్చుని ఉన్నాడు. సిరిసిల్ల నుంచి తెల్లారేసరికి బస్సు దిగి వచ్చాడు.

“ఎవరి తప్పు సార్ ఇది?” అని అడిగాడు ఓదెలు. “లిఫ్టు కంపెనోల్లు మేం సరిగ్గనే చేసినం అంటున్నరు. బిల్డింగోల్లు మాకేం తెల్వదంటున్నరు. మరి ఎవరిది?”

హనుమత్ప్రసాద్ చుట్టూ చూశాడు. తర్వాత ఓదెలు పక్కనే బెంచీ మీద కూర్చున్నాడు.

“మాదండీ,” అన్నాడు. “వాళ్లు బాగు చేసి మాకు దాచమని ఇచ్చారు. మేం పోగొట్టాం. పోగొట్టినట్టు వాళ్లకు చెప్పను కూడా చెప్పలేదు.”

ఓదెలుకు అది పూర్తిగా అర్థమైందో లేదో యశస్వినికి తెలియలేదు. ఓదెలు తన అరచేతులు చూసుకుంటూ, “నిన్న నా బిడ్డ లిఫ్టు ఎక్కకముందే ఇది ఎరుకేనా మీకు?” అని అడిగాడు. యశస్విని హనుమత్ప్రసాద్ వైపు చూసింది. ఆయన తలవంచుకుని, “తెలుసు,” అన్నాడు.

ఆ మధ్యాహ్నం నుంచి ఆఫీసులో కస్టమర్లందరికీ ఫోన్లు చేశారు. విజయేందర్ వాళ్లు బోర్డులన్నీ ఆపేసి, ఒక్కొక్కరి లాప్‌టాప్‌తో సర్వర్‌ను పోల్చి చూస్తున్నారు. తలుపు మార్పుతో పాటు ఇంకో రెండు కూడా పోయినట్టు తేలింది. ఒకటి ఎవరిదో కనుక్కున్నారు. రెండోది పంపినాయన ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. ఆయన లాప్‌టాప్‌ను అప్పుడే తుడిచి ఇంకొకరికి ఇచ్చేశారు. అందులో ఏం సరిచేశాడో చెప్పగలిగినవాళ్లు లేరు.

మిగిలిన కస్టమర్లలో ఎక్కువమంది ఒకటే మాట అన్నారు. “మాకే సమస్యా రాలేదండీ. ఒక్క ఎర్రరు కూడా లేదు.”

“అయినా ఒకసారి పోల్చి చూడండి సార్,” అని యశస్విని బతిమాలింది. కొందరు సరే అన్నారు. ఒక కంపెనీ ఆయన మాత్రం విసుక్కున్నాడు. “మా ఆడిట్ అయిపోయింది. లేని సమస్య ఎందుకు తవ్వుతారు?” అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. హనుమత్ప్రసాద్ చేసినా ఎత్తలేదు. మెయిలు పంపారు. జవాబు లేదు.

ఆ కంపెనీ ఏం తయారుచేస్తుందో యశస్విని ఫైల్లో చూసింది. రోగి నరంలోకి మందు ఎంత వేగంగా ఎక్కాలో చూసే పంపులు.

సాయంత్రం ఆమె వనితను చూడటానికి పోయింది. అమ్మాయి మత్తులో నిద్రపోతోంది. మంచం పక్కన స్టాండుకు ఒక పంపు బిగించి ఉంది. చిన్న తెర మీద పచ్చటి అంకెలు, నెమ్మదిగా పడే చుక్కలు. యశస్విని వంగి దాని కింద అంటించిన పేరు చదివింది. ఆ కంపెనీది కాదు.

ఊపిరి పీల్చుకుంది గానీ అక్కడ నిలబడలేకపోయింది. పక్క మంచం దగ్గరికి పోయింది. అక్కడా వంగి చూసింది. ఆ తర్వాతి మంచం దగ్గర ఒక ముసలాయన కళ్లు తెరిచి ఆమెనే చూస్తున్నాడు. తలుపు అవతల ఇంకో వార్డు, దాని వెనక ఇంకొకటి. అన్నిట్లోనూ పచ్చటి అంకెలు వెలుగుతున్నాయి.

“ఎవరి కోసమమ్మా వెతుకుతున్నారు?” అని అడిగింది నర్సు.

యశస్విని ఆ ముసలాయన పంపు కింద అంటించిన పేరు చదవడానికి వంగింది.